కిటికీకి పూసిన పసుపు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. ఒకచోట పెట్టాల్సిన ఒత్తు ఇంకోచోట పడుతుంది, దీర్ఘం పెట్టడం మరిచిపోతాను. మీరు కాఫీ తాగేలోపు చదివేసే ఈ కాస్తా రాయడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. తప్పులు మా కోడలు రోజారమణి దిద్దింది. ఇంకా ఎక్కడైనా మిగిలిపోతే అవి నావి, దానివి కావు.

ఇంకో మాట. ఇందులో అప్పాయమ్మ అని ఒకావిడ వస్తుంది. ఆవిడ నేనే. మొదట "నేను" అనే రాశాను. కోడలు చదివి, "అత్తా, నువ్వు నేను నేను అని రాస్తున్నంతసేపూ తప్పులన్నీ మేస్త్రి మీదికీ వాన మీదికీ తోసేస్తన్నావు. ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టు రాయి, నిజం బేగి వచ్చేస్తాది" అంది. అలాగే రాసి చూశాను. నిజమే. పరాయి మనిషినైతే ఎంతైనా తిట్టొచ్చు.

అప్పాయమ్మ వాళ్ళది నర్సీపట్నంలో బలిఘట్టం వెళ్ళే రోడ్డు పక్కన ఒక సందు. పాత పెంకుటిల్లు పడగొట్టి అదే జాగాలో శ్లాబు ఇల్లు మొదలుపెట్టారు. కొడుకు నానాజీ కృష్ణదేవిపేట రూటులో షేర్ ఆటో నడుపుతాడు. కోడలు రోజారమణికి బట్టల కొట్లో పని. ఇద్దరూ పొద్దున్నే వెళ్ళిపోతారు కనక ఇల్లు కట్టించే బాధ్యత అప్పాయమ్మ తీసుకుంది. ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. ఇసుక కుప్ప పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, పనివాళ్ళు ఏం చేస్తున్నా "అదలాగేనా?" అని అడగడమే ఆ బాధ్యత.

మేస్త్రి పేరు పైడయ్య. రోలుగుంట నుంచి నర్సీపట్నం దాకా తను కట్టని వీధి లేదంటాడు. గోడ కడుతున్నంతసేపూ ఆ గోడ గురించి కాకుండా, అంతకుముందు కట్టిన గోడల గురించి చెబుతాడు. చెయ్యి మంచిదే. నోటితోనే చిక్కు. ఏ సంగతీ రెండోసారి చెప్పడు. మొదటిసారి కూడా సగమే చెబుతాడు.

ఈ ఇంట్లో అప్పాయమ్మ కోరుకున్నది ఒక్కటే. తన గదికి తూర్పు వైపు ఒక పెద్ద కిటికీ, కింద కూర్చుంటే ఒళ్ళోకి వెలుతురు పడేంత కిందకి. పాత ఇంట్లో వెలుతురంతా గుమ్మం దగ్గరే ఉండేది. మొగుడు పోయాక కోడలు పలక కొనిచ్చి అక్షరాలు నేర్పినప్పుడు, అప్పాయమ్మ నేర్చుకున్నదంతా గుమ్మంలో కూర్చునే. వచ్చేవాళ్ళకి లేచి దారివ్వాలి, మళ్ళీ కూర్చుని ఏ వరసలో ఉన్నానా అని వెతుక్కోవాలి. 'ఖ' దగ్గర మొదలుపెట్టి 'ఘ' దగ్గరికి చేరేలోపు ఇద్దరు చుట్టాలూ ఒక మేకా దాటి వెళ్ళేవాళ్ళు. అందుకే కిటికీ అంటే అంత ఆశ.

ముందు సింహద్వారం నిలబెట్టారు. ముహూర్తం వేళకి అప్పాయమ్మ ఆడపడుచు దేముడమ్మ రోలుగుంట నుంచి పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆమె ముత్తయిదువ, పెద్దరికం గలది, గొంతు అంతకన్నా పెద్దది. గుమ్మానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టాల్సింది ముత్తయిదువలే కదా. దేముడమ్మ పసుపు గిన్నె అందుకుంటూ, "ఒదినా, ఎండలో ఏల నిలబడతావు, అలా నీడలో కూకో" అంది.

నీడ ఇసుక కుప్ప వెనకాల ఉంది. అప్పాయమ్మ వెళ్ళి అక్కడ కూర్చుంది. ఇలాంటివి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అయినా కుప్ప పైనుంచి మెడ సాచి చూస్తూ అనుకుంది: ఇన్నాళ్ళూ ఇటుకలు తడిపిన చెయ్యి ఇదే, పసుపు కలపడానికి మాత్రం పనికిరాలేదు. దేముడమ్మ పూసిన పసుపు వీధి వైపు నిండుగా మెరుస్తోంది. దారిన పోయేవాళ్ళు ఆగి, "బాగుంది" అని వెళ్తున్నారు.

ఆ రోజే అప్పాయమ్మకి ఒక ఆలోచన వచ్చింది. గుమ్మం ముత్తయిదువలది, సరే. కిటికీ గురించి ఎవరూ ఏమీ అనలేదు కదా. కిటికీలకి ముహూర్తం లేదు, పూజ లేదు, పేరంటం లేదు. ఎవరూ ముట్టని పని కనక తను ముడితే కాదనేవాళ్ళూ ఉండరు. ఈ లెక్క చూసుకుని ఆవిడ ఎంత మురిసిపోయిందంటే, ఆ రాత్రి కూర రెండోసారి వడ్డించుకుంది.

గోడలు మోకాలెత్తు లేచాక కిటికీ చట్రం వచ్చింది. వేగిస కర్ర, నాలుగు మూలలూ దిట్టంగా ఉన్నాయి. మేస్త్రి ఇంకా రాలేదు. అప్పాయమ్మ పసుపు గిన్నె చీర చాటున పెట్టుకుని, దొంగతనానికి వచ్చినదానిలా అటూ ఇటూ చూసి, గోడకి ఆనించిన చట్రం ముందు కూర్చుంది. చట్రానికి ఒక మొహం నున్నగా ఉంది. రెండో మొహానికి చుట్టూ గాడి తీసి ఉంది. ఆ గాడి ఎందుకో ఆవిడకి తెలీదు. వడ్రంగి సోకు కోసం తీశాడేమో అనుకుంది. పసుపు గాడిలో ఇరుక్కుంటే చూడ్డానికి బాగోదని నున్నటి మొహానికి పూసింది. చేతినిండా పూసింది. బొట్లు పెట్టింది. పాతికేళ్ళ పెళ్ళికూతురికైనా అంత పసుపు పట్టదు.

పైడయ్య వచ్చాడు. చట్రాన్ని ఒకసారి చూశాడు, పనివాళ్ళతో అన్నాడు.

"తిప్పండ్రా. పసుపు లోనకి."

అప్పాయమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏటి, పసుపు లోనకా?"

"లోనకే."

"గుమ్మానికి పూసిన పసుపు ఈదిలోకి పెట్టేవు కాదేటి?"

"గుమ్మం గుమ్మమే, కిటికీ కిటికీయే. తిప్పండ్రా."

"దేముడమ్మ పూస్తే ఈదిలోకి, నాను పూస్తే గోడ లోపలికా? ఎవులికీ కనబడకూడదనేటి?"

పనివాళ్ళు చట్రం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పైడయ్య తలగుడ్డ తీసి దులిపాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ సమయంలో అతను ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ అతనికి కోపం వచ్చింది.

"నా సర్వీసులో నన్నింత మాటన్నోలు నేరు. మీ పసుపుతో నాకేటి పనమ్మా? తిప్పకండ్రా. ఆవిడెలా సెప్తే అలా నిలబెట్టండి."

నిలబెట్టారు. పైడయ్య కోపంలో కూడా పని చెడగొట్టే మనిషి కాదు. దారానికి గుండు కట్టి వేలాడదీసి నిలువు చూశాడు, రసమట్టం పెట్టి అడ్డం చూశాడు, ఇనప కొక్కేలు గోడలోకి దిగేలా పెట్టి సిమెంటు పోయించాడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. అంత తిన్నగా, అంత తప్పుగా నిలబడ్డ కిటికీ ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉండదు.

అప్పాయమ్మ ఆ సాయంత్రం కుర్చీని సందులోకి మార్చుకుంది. పాలవాడు చూశాడు, పక్కింటివాళ్ళు చూశారు. పసుపు వీధి వైపు మెరుస్తోంది. గెలిచాననుకుంది.

ప్లాస్టరింగు అయ్యాక వడ్రంగి రెక్కలు బిగించడానికి వచ్చాడు. గృహప్రవేశం సంగతులు మాట్లాడ్డానికి దేముడమ్మ కూడా ఆ రోజే వచ్చి, కొత్త గచ్చు మీద చాప వేసుకుని కూర్చుని ఉంది. వడ్రంగి చట్రం చుట్టూ చెయ్యి పెట్టి తడిమి నవ్వాడు.

"ఇదేటమ్మా, గాడి లోపలికొచ్చింది? రెక్కలు కూకునేది గాడిలోనే. ఇప్పుడు రెక్కలు గదిలోకి తెరుసుకుంతాయి. వానొస్తే నీల్లు కూడా గదిలోకే."

సోకు అనుకున్న గాడి ఎందుకో అప్పాయమ్మకి అప్పటికి తెలిసింది. పైడయ్య పసుపు లోనకి అని ఎందుకన్నాడో కూడా అదే క్షణంలో తెలిసింది. నోరు తెరిచేలోపే చాప మీద నుంచి దేముడమ్మ అందుకుంది.

"ఓలమ్మ! ఇల్లంతటికీ ఇదొక్క కిటికీయే తిరగబడిందా? నువ్వు పసుపు పూసిందిదే గదా ఒదినా? అందుకే కొన్ని కొన్ని మనం ముట్టకూడదంతారు. నాకేటి, నీ మంచికే సెప్తన్నాను."

అప్పాయమ్మకి ఒళ్ళు మండింది. తప్పని ఒప్పుకుంటే ఆ తప్పు బుర్రదని ఎవరూ అనరు. మొగుడు పోయినదాని చెయ్యి తగిలింది, కిటికీ తిరగబడింది అంటారు. ఆ మాట సందులో ఒకసారి పడితే ఇక ఏ ఇంట్లోనూ ఏ శుభానికీ తన చెయ్యి కదలనివ్వరు. తనదే కాదు, తనలాంటి ఇంకెవరిదీ. అందుకని ఆవిడ ఒక అబద్ధం ఆడింది.

"తిరగబడిందేటి? నానే లోపలికి తెరుసుకునేలా పెట్టించాను. బయటికి తెరిస్తే సందులో పోయేవోల తలకి తగలదేటి? ఇప్పుడందరూ ఇలాగే పెడతన్నారు."

"ఎవులు పెడతన్నారు?"

"పెడతన్నారు" అంది అప్పాయమ్మ.

గృహప్రవేశం అయింది. ఆ పద్ధతి ఎంత బాగుంటుందో ఆవిడకి నెమ్మదిగా తెలిసొచ్చింది. కిటికీ తెరవాలంటే ముందు చాప తియ్యాలి. తర్వాత పుస్తకాలు, తర్వాత నీళ్ళ చెంబు, తర్వాత తను లేవాలి. రెక్కలు పూర్తిగా తెరిచాక ఆవిడ కూర్చోవాలనుకున్న చోట రెక్కలే కూర్చునేవి. వాటి మధ్య దూరి చదువుకుంటుంటే గాలి వచ్చినప్పుడల్లా ఒక రెక్క వీపు మీద తట్టేది, పంతులు వెనక నిలబడ్డట్టు. ఒకసారి తల ఎత్తబోయి నుదురు కొట్టుకుంది. బొప్పి చూసి నానాజీ, "ఏటమ్మా అది?" అని అడిగితే, "దోమ" అంది.

వానలు మొదలయ్యాయి. రెక్కల మీద పడ్డ నీళ్ళు తిన్నగా జారి, గాడిలోకి దిగి, గాడి నిండాక గదిలోకి వచ్చేవి. అప్పాయమ్మ కిటికీ కింద ఒక గిన్నె పెట్టింది, తర్వాత బేసిన్ పెట్టింది, తర్వాత రోజారమణి కొట్టు నుంచి వచ్చేలోపు రెండూ దాచేసేది. ఒకనాడు పెద్దబాలశిక్ష తడిసి పేజీలు అతుక్కుపోయాయి. పొయ్యి పక్కన ఆరబెడుతుంటే కోడలు చూడనే చూసింది.

"అత్తా, మేస్త్రిని పిలిపించి తిప్పించేద్దాం."

"బాగానే ఉంది కదే. గది సల్లగా ఉంతాది."

"సల్లగా ఏటి, సెరువులా ఉంది."

"నువ్వు కొట్టుకెల్లు, ఆలస్యమౌతాది" అంది అప్పాయమ్మ. అది ఆదివారం.

ఇలా ఎన్నాళ్ళు నడిచేదో గానీ తలుపులమ్మ వచ్చింది. ఆమెది పూడిమడక. మొగుడు పోయాక నర్సీపట్నం వచ్చి ఎండుచేపలు అమ్ముకుంటూ, పక్క సందులో రెండు గదుల ఇల్లు మొదలుపెట్టింది. గుమ్మంలోనే నిలబడి అంది.

"అప్పా, నీ కిటికీ ఓపాలి సూసి ఎల్దామని వచ్చేను."

"ఏటుంది సూడ్డానికి?"

"నువ్వు పసుపు పూసిన రోజు నాను చేపల బుట్టతో ఈ సందులోంచే ఎల్లేను. ఆ పసుపు సూసి ఇంటికెల్లి ఏడిసేను. మా గుమ్మానికి మా తోటికోడలు పూసింది. నాను అటేపుకి పోనేదు. రేపు మా కిటికీ నిలబెడతన్నారు. నువ్వు పూయగా లేంది నానెందుకు పూయకూడదూ అనుకున్నాను. మేస్త్రికి సెప్పేసేను కూడా. అప్పాయమ్మప్ప కిటికీ ఎలాగుందో సరిగ్గా అలాగే కావాల, పసుపు ఈదిలోకి, రెక్కలు లోపలికి. నాకు దగ్గరుండి సూపించప్పా."

"మేస్త్రి ఏటన్నాడు?" అని అడిగింది అప్పాయమ్మ.

"పైడయ్యే కదా. నవ్వేడు. 'అప్పాయమ్మగారి మోడలా, అలాగే' అన్నాడు."

తలుపులమ్మ వెళ్ళిపోయాక అప్పాయమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. గాలికి రెక్క వీపు మీద తట్టింది. తన చెయ్యి చెడ్డది కాదని నిరూపించడానికి ఆడిన అబద్ధం, పాపం ఆ ఎండుచేపలావిడ గదిలో నీళ్ళు పొయ్యబోతోంది. అప్పుడు అందరూ ఏమంటారు? ఇద్దరు పూశారు, రెండూ తిరగబడ్డాయి అంటారు. ఇన్నాళ్ళూ తను కాపాడుతున్నాననుకున్నది ఇదీ.

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. ఖర్మ కాలి అదే సమయానికి దేముడమ్మ దిగింది, బస్టాండు నుంచి నానాజీ ఆటోలో వచ్చి.

"ఎక్కడికొదినా ఆ పరుగు?"

"వచ్చి సెప్తాను, నువ్వు లోపలికెల్లి టీ తాగు."

వెళ్ళమంటే దేముడమ్మ వెళ్తుందా? వెనకాలే వచ్చింది.

తలుపులమ్మ ఇంటి దగ్గర చట్రం గోడకి ఆనించి ఉంది. తలుపులమ్మ దాని ముందు గొంతుకూర్చుని ఉంది, చెయ్యి పసుపు గిన్నెలో ఉంది. ఎదురుగా ఉన్నది నున్నటి మొహం. పైడయ్య బీడీ వెలిగించుకుని తమాషా చూస్తున్నాడు.

"ఆగు!" అని అరిచింది అప్పాయమ్మ. తలుపులమ్మ చెయ్యి గిన్నెలోంచి తీసి వెనక్కి దాచుకుంది, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. ఆ దాచుకోవడం చూశాక అప్పాయమ్మకి ఇక సిగ్గనిపించలేదు.

"దాసుకోకు. పూయి. కానీ అటేపు తిప్పి, గాడున్న మొగానికి పూయి. రెక్కలు గాడిలో కూకుంతాయి, గాడి బయటికుండాల. నాది తప్పు. నాకు గాడంటే ఏటో తెలీక నున్నటేపు పూసేను. మేస్త్రి తిప్పుతానంటే, నా పసుపు దాసేత్తన్నాడని దెబ్బలాడేను. కిటికీ ఎనక్కి తిరిగిపోయింది. లోపలికి పెట్టించానన్నది ఉత్తి అబద్ధం. వానొస్తే మా గదిలో బాతులు పెంచుకోవచ్చు."

పైడయ్య పొగ వదిలాడు. "నాను ఆ పొద్దే సెప్పేను."

"ఏటి సెప్పేవు? పసుపు లోనకన్నావు. గాడి బయటికుండాలమ్మా అని ఇంకొక్క ముక్క సెప్తే నీ సర్వీసు తరిగిపోద్దా? నిన్న ఈవిడికి కూడా సెప్పకండా నవ్వేవట."

పైడయ్య బీడీ పారేశాడు. "మీ మోడలే కావాలంటే నానేటి సేత్తాను?" అన్నాడు గానీ, తనే వెళ్ళి చట్రాన్ని రెండో వైపుకి తిప్పి పెట్టాడు.

ఇక దేముడమ్మ వంతు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "నానన్నాను కాదేటొదినా—"

"నువ్వన్నది సెయ్యి గురించి" అంది అప్పాయమ్మ. "తప్పు సెయ్యిది కాదు, బుర్రది. నీ సేత్తో పూసినా నున్నటేపు పూసి ఈదిలోకి పెడితే కిటికీ ఎనక్కే తిరుగుతాది."

దేముడమ్మ నడుం మీంచి చేతులు తియ్యలేదు. "నానైతే ఆ గాడేటో ముందు అడుగుదును" అంది.

అప్పాయమ్మ పసుపు గిన్నెని తలుపులమ్మ వైపు జరిపింది.

తలుపులమ్మ గాడి ఉన్న మొహానికి పసుపు పూసింది. పసుపు గాడిలో ఇరుక్కుంది. అప్పాయమ్మ మొదట్లో భయపడ్డట్టే చూడ్డానికి అంత బాగోలేదు. అయినా తలుపులమ్మ మాత్రం అక్కడి నుంచి కదల్లేదు, సిమెంటు ఆరేదాకా ఎదురుగా నిలబడింది.

తర్వాతి వారం అప్పాయమ్మ కిటికీ పీకారు. కొత్త గోడ తవ్వుతుంటే నానాజీ పక్కన నిలబడి, "అమ్మా, తవ్వుతున్నారు కదా, ఇంకే గోడలోనైనా ఏటైనా ఉంటే ఇప్పుడే సెప్పేయ్" అన్నాడు. రోజారమణి కొట్టుకి సెలవు పెట్టి మరీ నవ్వింది.

చట్రం బయటికి వచ్చాక అప్పాయమ్మ పైడయ్య చెవి మీంచి పెన్సిల్ లాక్కుంది. ఒక మొహం మీద 'బయట' అని, రెండో మొహం మీద 'లోపల' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది. పనివాళ్ళు ఓపిగ్గా ఆగారు. పైడయ్య వంగి చూసి, "ఇందులో బయటన్నది ఏదమ్మా?" అని అడిగాడు. అతను దారాలు, గుండ్లు చదవగలడు గానీ, అక్షరాలు అతనికి రావని అప్పుడే తెలిసింది. అతని పాత ఇళ్ళ కబుర్లు ఇక ఆ పూటకి లేవు.

పసుపు గిన్నె పట్టుకొచ్చేసరికి దేముడమ్మ అక్కడే ఉంది. "మల్లీ నువ్వే పూస్తావేటి?" అంది.

"నానే."

"ఉండు."

అప్పాయమ్మ ఆగింది. దేముడమ్మ వంగి, 'బయట' అని రాసి ఉన్న వైపు గాడిలో వేలు పెట్టి, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా తడిమింది. "ఇదే కదా గాడి?"

"ఇదే."

"అయితే కానీ" అంది, గిన్నె తనే పట్టుకుని.

రంగులు వేసేవాడు తర్వాత 'లోపల' అనే మాట మీద రంగు పూయబోతే అప్పాయమ్మ వద్దంది. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటూ తల ఎత్తితే మొదట కనబడేది అదే. ఒళ్ళోకి వెలుతురు పడుతుంది, వాన బయటే పడుతుంది, వీపు మీద ఎవరూ తట్టరు.

ఒక్కటే ఇబ్బంది. సందు ఇరుకు, కిటికీ కిందకి ఉంది. రెక్కలు తెరిచి ఉంటే పాలవాడు సైకిలు దిగి, తల వంచుకుని నడిచి వెళ్ళాలి. మొన్న మరిచిపోయి ఢీకొట్టాడు. ఆవిడ ఆడిన అబద్ధంలో ఆ ఒక్క ముక్కా నిజమైంది. బొప్పి చూపిస్తూ ఏటమ్మా ఇది అని అతను అరుస్తుంటే, ఆవిడ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని చాలా శ్రద్ధగా చదువుతోంది.

రుత్తల అప్పాయమ్మ, అరవై నాలుగేళ్ళు, బలిఘట్టం రోడ్డు పక్క సందు, నర్సీపట్నం. రెక్కలు బయటికి తెరిచి ఉన్న కిటికీ గల ఇల్లే. వచ్చేవాళ్ళు తల చూసుకుని రండి.